మోదుగ పువ్వు ఎర్రన, ఉన్ని పచ్చన: ఎందుకలా?

కాముని పున్నమి దగ్గర పడేసరికి ఆకు రాల్చిన మోదుగ చెట్టు నిప్పంటుకున్నట్టు పూస్తుంది. ఆ రేకులు ఏరుకొచ్చి కాచి, తెల్ల ఉన్ని దారాన్ని ముంచితే నారింజ రంగు వస్తుందనుకుంటాం. వచ్చేది ముదురు పసుపు. శంఖుపుష్పం నీళ్లు నీలి సిరాలా నిగనిగలాడతాయి. అందులో ముంచిన ఉన్నిని కొన్నాళ్లు కిటికీ పక్కన ఉంచితే బూడిద రంగుకు తిరుగుతుంది. కాగితం పూల నీళ్లు గులాబీ రంగులో మెరుస్తాయి, పొయ్యి మీద మరిగించేసరికి వెలిసిపోతాయి. పూలతో ఉన్నికి అద్దకం వేయబోయిన వాళ్లలో చాలామంది ఈ మూడింటిలో ఏదో ఒక దాని దగ్గర ఆగిపోతారు. పువ్వు కంటికి చూపే రంగు ఒకటి, దారానికి ఇచ్చే రంగు ఇంకొకటి అన్న సంగతి ముందే తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

పూలలో రంగులిచ్చే పదార్థాలు ముఖ్యంగా నాలుగు కుటుంబాలవి. మొదటిది కెరోటినాయిడ్లు. బంతిపువ్వు పసుపు, క్యారెట్ రంగు వీటివే. ఇవి నూనెలో కరుగుతాయి, నీళ్లలో కరగవు. ఎంత కాచినా రేకులోనే ఉండిపోతాయి. రెండోది ఆంథోసయనిన్లు: శంఖుపుష్పం నీలం, మందారం ఎరుపు. నీళ్లలో ఇట్టే దిగుతాయి కానీ పులుపు తగిలితే ఒక రంగు, సబ్బు తగిలితే ఇంకో రంగు చూపిస్తాయి. వెలుతురుకు తట్టుకోలేవు. మూడోది బీటలైన్లు: కాగితం పూలు, కోడిజుట్టు పూలు, బీట్‌రూట్. వేడి చేస్తే విరిగిపోతాయి. వీటితో ఉన్నికి నిలిచే రంగు రాదు. వస్తుందని చెప్పే వీడియోలు దారం కుండలోంచి తీసిన రోజునే తీసినవి.

నాలుగోది ఆంథోసయనిన్లు కాని మిగతా ఫ్లేవనాయిడ్లు. అద్దకానికి పనికొచ్చేవి ఇవే. విచిత్రమేమిటంటే వీటిలో చాలా వాటిని మన కన్ను పట్టించుకోదు. లేత పసుపుగానో, అసలు రంగే లేనట్టుగానో కనిపిస్తాయి. అతినీలలోహిత కాంతిని చూడగల తేనెటీగలకు మాత్రం రేకు మీద ముగ్గు వేసినట్టు తెలుస్తాయట. అందుకే తెల్లటి పువ్వు కూడా ఒక్కోసారి ఉన్నికి చక్కటి పసుపు ఇస్తుంది. బంతి సంగతీ అంతే. దాని పసుపు రంగు కెరోటినాయిడ్లది కాబట్టి నీళ్లలోకి రాదు, దారానికి అంటేది అదే రేకులో దాక్కున్న క్వెర్సెటాజెటిన్ అనే ఫ్లేవనాయిడ్.

ఇప్పుడు మోదుగ దగ్గరికి వద్దాం. తెలంగాణలో మోత్కు అనే ఈ చెట్టు రేకుల్లో ఎక్కువగా ఉండేది బ్యూట్రిన్. దానికి చెప్పుకోదగ్గ రంగు లేదు. అందులో చక్కెర అణువులు అంటుకుని ఉంటాయి. కాచినప్పుడు ఆ చక్కెర ఊడి, అణువులోని ఒక వలయం తెరుచుకుంటే బ్యూటీన్ తయారవుతుంది. రంగు ఉన్నది దీనికి. 1904లో ఈ బ్యూటీన్ సంగతి వెలికితీసిన వాళ్లు రసాయన శాస్త్రవేత్తలు ఎ.జి. పెర్కిన్, జె.జె. హమ్మెల్. ఈ పెర్కిన్ తండ్రి 1856లో తొలి కృత్రిమ రంగును తయారుచేసి సహజ రంగుల వ్యాపారానికి ఎసరు పెట్టినవాడు. కొడుకేమో ఆ సహజ రంగుల్లో ఏముందో తవ్వుతూ జీవితం గడిపాడు. 1941లో బ్యూట్రిన్ నిర్మాణం మీద పరిశోధన ప్రచురించింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న టి.ఆర్. శేషాద్రి, ఆయన సహచరుడు పి.ఎస్. రావు. కుండ దగ్గర ఈ రసాయన శాస్త్రం వల్ల తెలిసేది ఒక్కటే: మోదుగను గబగబా కాచి దించితే లేత రంగు వస్తుంది, నానబెట్టి నింపాదిగా కాస్తే ముదురు రంగు వస్తుంది. బ్యూట్రిన్ బ్యూటీన్‌గా మారడానికి సమయం కావాలి.

హోలీకి మోదుగ నీళ్లు నారింజ రంగులో ఉంటాయి కదా అంటే, అందులో సున్నం వేస్తారు. క్షారం తగిలితే బ్యూటీన్ ఎరుపు వైపు జరుగుతుంది. నూలు బట్ట దానికి తట్టుకుంటుంది. ఉన్ని తట్టుకోదు. ఉన్ని వెంట్రుక లాంటిదే, మాంసకృత్తి. సున్నపు నీళ్లలో, వాషింగ్ సోడాలో గరుకెక్కి, పసుపు తిరిగి, చివరికి చివికిపోతుంది. హోలీ రంగు కిటుకును ఉన్ని కుండలోకి నేరుగా తేకూడదు. దాన్ని తేలిక చేసి వాడే దారి ఒకటుంది, తర్వాత చెప్పుకుందాం.

దారం ఎంపికలోనే సగం పని

దుకాణాల్లో ‘ఊలు’ అని అమ్మే ఉండల్లో ఎక్కువ భాగం ఆక్రిలిక్. దానికి ఏ పువ్వు రంగూ పట్టదు. ఒక పోగు తెంపి కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితే ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే ఆక్రిలిక్. రెండూ కలిపిన దారమైతే మచ్చలు మచ్చలుగా రంగు పడుతుంది.

మన దక్కనీ గొర్రె బొచ్చు ఎక్కువగా నలుపు. కురుమల గొంగడి ఏ అద్దకమూ లేకుండా నల్లగా ఉండడానికి కారణం అదే. పెద్ద గోధుమ రంగు నెల్లూరు గొర్రెకు ఉన్ని రాదు, పొట్టి వెంట్రుకలే. నల్ల ఉన్ని మీద పూల రంగు కనిపించదు. కానీ దక్కనీ మందల్లో అక్కడక్కడా దొరికే బూడిద, మాసిన తెలుపు బొచ్చును వడికించుకోగలిగితే దాని మీద మోదుగ పసుపు ఎండుగడ్డి రంగులోకి దిగుతుంది. తెల్ల ఉన్ని మీద రాని లోతు అందులో ఉంటుంది. శుభ్రమైన పసుపే కావాలంటే రాజస్థాన్‌లోని చోక్లా, మగ్రా జాతి గొర్రెల తెల్ల ఉన్ని తెప్పించుకోవాలి. గొంగడి నేతకు సిద్ధం చేసిన దారం తీసుకుంటే ఒక జాగ్రత్త ఉంది. పడుగు గట్టిపడడానికి చింతగింజల గంజి పెడతారు. అది పూర్తిగా పోకపోతే రంగు లోపలికి దిగదు. గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, జిగురు పోయేదాకా నీళ్లు మార్చాలి.

దారాన్ని ఉండగా రంగులో వేయకూడదు. చిలపగా, అంటే పొడవాటి వదులు చుట్టగా చుట్టి, నాలుగు చోట్ల ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. బిగించి కట్టిన చోట తెల్ల మచ్చ మిగిలిపోతుంది. కట్టిన పోగు నూలుదైతే వెతికి విప్పడం తేలిక, దానికి రంగు అంతగా పట్టదు కాబట్టి.

తర్వాత జిడ్డు తీయాలి. గొర్రె చర్మం నుంచి వచ్చే మైనం 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకన్నా చల్లటి నీళ్లలో ఎంత ఉతికినా పోదు. 100 గ్రాముల దారానికి పది పన్నెండు కుంకుడుకాయల గుల్ల రాత్రి నానబెట్టి, మరిగించి వడకట్టి, నాలుగు లీటర్ల నీళ్లలో కలపండి. కుంకుడు రసం కొంచెం పులుపు వైపు ఉంటుంది, ఉన్నికి హాని చేయదు. నీళ్లు 50 డిగ్రీల దగ్గర ఉండగా దారాన్ని వేసి అరగంట కదపకుండా వదిలేయాలి. చేత్తో వడికిన, జిడ్డెక్కువున్న దారానికి 60 డిగ్రీలు కావాలి. నీళ్లు పూర్తిగా చల్లారేదాకా ఆగితే కరిగిన మైనం తిరిగి దారానికే పట్టుకుంటుంది. గోరువెచ్చగా ఉండగానే తీసి, అంతే వేడి ఉన్న మంచి నీళ్లలో జాడించాలి. జిడ్డు పోయిందో లేదో చూడాలంటే పొడి పోగును నీళ్ల మీద వేయండి. అర నిమిషంలో తడిసి మునిగితే పోయినట్టు, తేలుతూ ఉంటే ఇంకోసారి ఉతకాలి.

పటిక చేసే పని

కలంకారీ తెలిసిన వాళ్లకు కరక్కాయ పాత్ర తెలుసు. బట్టను కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టాకే మిగతా పని. నూలులో పటికను పట్టి ఉంచే కొక్కేలు తక్కువ కాబట్టి కరక్కాయలోని వగరు పదార్థం మధ్యవర్తిగా నిలుస్తుంది. ఉన్నిలో ఆ కొక్కేలు పుట్టుకతోనే ఉన్నాయి. మాంసకృత్తిలోని ఆమ్ల భాగాలు అల్యూమినియాన్ని నేరుగా పట్టుకుంటాయి. ఆ అల్యూమినియం రెండో చేత్తో ఫ్లేవనాయిడ్‌ను పట్టుకుంటుంది. పటిక లేకుండా మోదుగ నీళ్లలో ముంచినా ఉన్ని పసుపెక్కుతుంది, కానీ అది పైపై మరక, నాలుగు ఉతుకుల్లో పలచబడిపోతుంది. ఉన్నికి కరక్కాయ అవసరం లేదు. వేస్తే పసుపు మాసిపోయి మట్టి రంగు చేరుతుంది.

అయితే కరక్కాయ వేరే పనికి బాగా పనికొస్తుంది. పటికలో ఇనుము కల్తీ ఉందేమో చూడడానికి దానికి మించిన పరీక్ష లేదు. మురికి నీళ్లు తేర్చడానికి అమ్మే ముదురు రంగు పటికలో ఇనుము ఉంటుంది, అది పసుపును చంపేస్తుంది. చెంచాడు పటికను నీళ్లలో కరిగించి, పలచటి కరక్కాయ కషాయం నాలుగు చుక్కలు వేయండి. నీళ్లు నల్లబడినా, బూడిద రంగు తేలినా ఆ పటిక వద్దు. మీ బోరు నీళ్లకూ ఇదే పరీక్ష చేయండి. చాలా ఊళ్లలో బోరు నీళ్లలో ఇనుము ఉంటుంది. ‘నేను అన్నీ సరిగ్గానే చేశాను, పసుపు బదులు ఆకుపచ్చ మాసిన రంగు వచ్చింది’ అని వాపోయే వాళ్లు మొదట అనుమానించాల్సింది నీళ్లనే. వాన నీళ్లు ఉత్తమం, ఆర్వో నీళ్లు ఆ తర్వాత.

కొలతలన్నీ పొడి దారం బరువు మీద నూటికి ఇంత అని లెక్కేస్తారు. 100 గ్రాముల దారానికి పటిక 12 గ్రాములు, క్రీమ్ ఆఫ్ టార్టార్ 6 గ్రాములు. రెండోది బేకరీ సామాను అమ్మే చోట దొరుకుతుంది. అది పటికను దారం పైపొరల్లోనే పేరుకుపోకుండా నిదానపరుస్తుంది, దారం మెత్తగా ఉంటుంది. చింతపండు రసంలోనూ అదే జాతి ఆమ్లం ఉంది కానీ దాని గోధుమ రంగు తెల్ల ఉన్నికి అంటుతుంది. ముదురు రంగులకైతే ఫర్వాలేదు. పటిక 20 గ్రాములు దాటించి లాభం లేదు. దారం చేతికి జిగటగా, బిరుసుగా తగులుతుంది. రంగు మాత్రం పెరగదు.

పటిక, టార్టార్ వేరువేరుగా వేడి నీళ్లలో కరిగించి, నాలుగు లీటర్ల గోరువెచ్చని నీళ్లున్న స్టీలు గిన్నెలో కలపాలి. దారాన్ని అంతకుముందే కనీసం రెండు గంటలు నానబెట్టి ఉంచాలి. ఉన్ని తడవడానికి చాలా సమయం తీసుకుంటుంది. పైన తడిసినట్టు కనిపించినా పేటల మధ్య గాలి ఉండిపోతుంది. తడి దారాన్ని వేసి, ముప్పావుగంట పట్టేలా మెల్లగా 85 డిగ్రీలకు తీసుకెళ్లి, అక్కడ ముప్పావుగంట నుంచి గంట ఉంచాలి. థర్మామీటరు లేకపోతే గిన్నె అడుగున చిన్న బుడగలు లేచి ఆవిరి కమ్ముతున్నప్పుడు మంట తగ్గించండి. కుతకుత ఉడికిందంటే ఉన్ని ముద్దకట్టే ప్రమాదం దగ్గరికొచ్చినట్టే. స్టవ్ ఆపి, రాత్రంతా అదే నీళ్లలో చల్లారనివ్వాలి. పొద్దున తీసి ఒకసారి జాడిస్తే చాలు. వెంటనే రంగు వేసినా సరే, తడిగా ప్లాస్టిక్ సంచిలో చుట్టి నాలుగైదు రోజులు ఆగినా సరే.

గిన్నె స్టీలుదో, పింగాణీ పూత పెట్టినదో అయి ఉండాలి. ఇనుప బాండీ రంగును మాడ్చేస్తుంది, రాగి గిన్నె ఆకుపచ్చ వైపు లాగుతుంది. అద్దకానికి వాడిన గిన్నె మళ్లీ వంటకు వాడకూడదు.

పూలు ఏరడం, కాచడం

మోదుగ విషయంలో చెట్టెక్కి కొమ్మలు విరవాల్సిన పని లేదు. తెల్లవారేసరికి చెట్టు కింద రాలిన రేకులే కావలసినన్ని. ఎండలో మాడకముందే ఏరుకోవాలి. కాడ దగ్గర ముదురు రంగులో, మఖమల్లులా ఉండే తొడిమ గిన్నెను గిల్లి పారేయాలి. అందులోని వగరు చేరితే రంగు మురికిబారుతుంది. చాలామంది ఇక్కడ బద్ధకిస్తారు, తర్వాత పసుపు ఎందుకు మెరవలేదని నీళ్లను తిడతారు. రేకుల్ని నీడలో ఆరబెడితే బరువు ఆరేడో వంతుకు పడిపోతుంది. తేమ లేకుండా డబ్బాలో పెట్టుకుంటే మళ్లీ మోదుగ పూసేదాకా వాడుకోవచ్చు.

100 గ్రాముల దారానికి ఎండు రేకులు 100 గ్రాములు, పచ్చివైతే 600 నుంచి 700 గ్రాములు. రెండున్నర లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున 85 నుంచి 90 డిగ్రీల దగ్గర గంటసేపు కాచాలి. పలచటి గుడ్డతో వడకట్టి, అదే పిప్పిలో ఇంకో లీటరున్నర పోసి అరగంట కాచి, రెండు నీళ్లనూ కలపాలి. పిప్పిని దారంతో పాటే ఉంచితే రంగు ఎక్కువ దిగుతుందన్న మాట కొంత నిజమే. కానీ రేకు అతుక్కున్న చోటల్లా చుక్క పడుతుంది, ఎండాక ముక్కలు ఏరుతూ కూర్చోవాలి. వడకట్టడమే మంచిది.

తంగేడు పద్ధతి కాస్త వేరు. అది తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మకు ముందు గుట్టల మీద విరగబూస్తుంది. దీని బెరడులో వగరు ఎక్కువ, తోళ్లు పదును చేయడానికి దక్షిణాదిలో తరతరాలుగా వాడారు. పువ్వుతో పాటు కాడలు, పుల్లలు కుండలో పడితే ఆ వగరు కూడా దిగి పసుపు కాస్తా గోధుమ వైపు పోతుంది. రేకులు మాత్రమే కావాలి. ఎండబెడితే మోదుగలా నిలవ ఉండదు, పచ్చిగా ఉన్నప్పుడే కాచితే లేత నిమ్మపసుపు తేటగా వస్తుంది. బరువుకు ఆరు రెట్లు పూలు పడతాయి. ఒక పొద మీది పూలన్నీ దులిపేయకుండా మూడో వంతు తీసుకుని పక్క పొదకు పోవడం మంచిది, కాయ పడకపోతే విత్తనం ఉండదు.

బతుకమ్మ మర్నాడు చెరువు గట్టున చేరిన పూలు తెచ్చుకుందామని కొందరికి తోస్తుంది. వద్దు. గునుగు పూలను బజారు రంగుల్లో ముంచి పేరుస్తారు. ఆ కృత్రిమ రంగుల్లో కొన్ని ఉన్నికి పటిక లేకుండానే గట్టిగా పడతాయి. నాలుగు గునుగు పూలు కలిసినా చిలప మీద గులాబీ, నీలం మచ్చలు తేలతాయి, ఇక పోవు.

ఏరకూడని మొక్కలూ ఉన్నాయి. గన్నేరు, పచ్చగన్నేరు, అడవినాభి విషం. వాటిని కాచిన ఆవిరి కూడా పీల్చకూడదు. వయ్యారిభామను ముట్టుకుంటేనే కొందరికి దద్దుర్లు వస్తాయి.

రంగు కుండ

వడకట్టిన రంగు నీళ్లు గోరువెచ్చగా ఉండగా, పటిక పట్టిన దారాన్ని తడిగానే వేయాలి. పొడి దారం వేసినా, నీళ్లు మరుగుతుండగా వేసినా మొదట తగిలిన చోట రంగంతా పట్టేసుకుంటుంది, మిగతాది లేతగా ఉండిపోతుంది. చిలపలు నీళ్లలో తేలికగా మసలాలి, కుక్కకూడదు. నిమిషానికి డిగ్రీకి మించకుండా వేడి పెంచుతూ 80 నుంచి 85 దాకా తీసుకెళ్లి గంటసేపు అక్కడ నిలపండి. ప్రతి పది నిమిషాలకు ఒకసారి కర్రతో చిలపను పైకెత్తి తిప్పి మళ్లీ దించాలి. గరిటెతో కలియబెట్టకూడదు.

ఎందుకో చెప్పాలి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఒక పోగు పొలుసు ఇంకో పోగు పొలుసులో ఇరుక్కుంటుంది. వెనక్కి రాదు. దారం కుంచించుకుని కంబళిలా అట్టకడుతుంది. వేడి ఒక్కటే దాన్ని చేయదు, కుదుపు తోడవ్వాలి. అందుకే వేడి చిలపను చన్నీళ్ల పంపు కింద పెట్టడం చాలా పెద్ద తప్పు. ధార దెబ్బ, వేడి తేడా రెండూ ఒకేసారి తగులుతాయి. దక్కనీ ముతక ఉన్ని మెత్తటి మెరినో అంత త్వరగా అట్టకట్టదు, అలాగని దాన్ని పిండి పిండి ఉతకకూడదు. చల్లారాక తీసి, తువ్వాలులో చుట్టి ఒత్తి, నీడలో ఆరేయాలి.

గంట తర్వాత కూడా నీళ్లు చిక్కగానే ఉంటే అందులో ఇంకా రంగు ఉన్నట్టు. పటిక పట్టించిన రెండో చిలప వేస్తే లేత పసుపు వస్తుంది, మూడోదానికి మీగడ రంగు. చాలామంది మొదటి చిలపే గొప్పదనుకుంటారు కానీ అల్లికలో మూడూ కలిపి వాడితే వచ్చే అందం ఒక్క ముదురు చిలపతో రాదు.

అన్నభేది, బూడిద నీళ్లు

ఒక్క మోదుగ కుండలోంచి నాలుగైదు రంగులు తీయొచ్చు. అన్నభేది అనే ఇనుప లవణం చిటికెడు వేస్తే పసుపు ఆలివ్ ఆకుపచ్చ వైపు, ఇంకాస్త వేస్తే ఖాకీ వైపు దిగుతుంది. 100 గ్రాముల దారానికి ఒకటి నుంచి రెండు గ్రాములు చాలు. దారాన్ని బయటికి తీసి, అన్నభేదిని వేరే గిన్నెలో కరిగించి కుండలో కలిపి, నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉండగా దారాన్ని మళ్లీ దించి పది నిమిషాలు తిప్పండి. కళ్లముందే రంగు మారుతుంది. కావలసిన దానికన్నా ఒక మెట్టు లేతగా ఉండగానే తీసేయాలి, గాలి తగిలాక ఇంకొంచెం ముదురుతుంది. చేయి జారి నాలుగైదు గ్రాములు పడితే రంగు బాగానే ఉంటుంది, దారమే ఏడాదీ రెండేళ్లకు పెళుసుబారి తెగుతుంది. ఇనుము తగిలిన గిన్నెను పసుపు పనికి వాడితే తర్వాతి చిలపలన్నీ మాసిపోతాయి, దానికి గిన్నె వేరే ఉండాలి.

మైలుతుత్తం అనే రాగి లవణం వేస్తే ఆ ఆకుపచ్చదనం నిగనిగలాడుతుంది. కానీ ఆ నీళ్లు పారబోసే చోటు మన ఇళ్లలో లేదు, చేపలకు అది విషం. పాత పుస్తకాల్లో కనిపించే పొటాషియం డైక్రోమేట్ క్యాన్సర్ కారకం, ఇంట్లోకి రానివ్వకూడదు. పటిక, అన్నభేది రెండింటితో సరిపెట్టుకోవచ్చు.

నారింజ వైపు జరపాలంటే పొయ్యి బూడిద తేట వాడాలి. తేటను నేరుగా వాడకూడదు, అది సున్నానికి ఏమీ తీసిపోదు. గోరువెచ్చని నీళ్లలో చుక్కచుక్కగా కలుపుతూ పీహెచ్ కాగితం 8 చూపించేదాకా ఆగి, అద్దిన దారాన్ని రెండు మూడు నిమిషాలు ముంచి, మంచి నీళ్లలో జాడించాలి. పసుపులోకి ఎరుపు జీర వస్తుంది. మోదుగ పూల కాంతి అంతా రాదు. నిజంగా ఎరుపే కావాలంటే అదే మోదుగ కొమ్మల మీద పెరిగే లక్క పురుగు ఇస్తుంది. పటిక పట్టిన ఉన్ని మీద లక్క రంగు ముదురు కెంపులా దిగుతుంది. చెట్టు ఒకటే, పసుపు పువ్వుది, ఎరుపు పురుగుది.

నిండు ఆకుపచ్చకు పూలలో దారి లేదు. పసుపు వేసిన దారాన్ని నీలిమందులో ముంచాల్సిందే.

పారిజాతం కాడలది వేరే కథ. ఆ నారింజ రంగు కుంకుమపువ్వులో ఉండే జాతి కెరోటినాయిడే, అయితే దీనికి చక్కెర అంటుకుని ఉండడం వల్ల నీళ్లలో కరుగుతుంది. పటిక లేకపోయినా ఉన్నికి పడుతుంది. కాషాయపు అందం చెప్పనలవి కాదు. ఎండలో మాత్రం నిలవదు. పెట్టెలో దాచుకునే శాలువాకు సరే, రోజూ వేసుకునే స్వెట్టరుకు వద్దు.

నిలుస్తుందా?

అద్దకం ఎంత బాగా కుదిరినా పూల పసుపులు వెలుతురుకు మెత్తనివే. మోదుగ కూడా కొంత వెలుస్తుంది. పటిక మీద కన్నా ఇనుము తగిలిన ఆలివ్, ఖాకీ రంగులు బాగా ఆగుతాయి. ఎండకు రంగు ఆగడాన్ని ప్రపంచమంతా కొలిచేది ఉన్నితోనే. వేర్వేరు గట్టితనమున్న నీలి రంగులు అద్దిన ఎనిమిది ఉన్ని గుడ్డ ముక్కలను నమూనాతో పాటు వెలుతురులో పెట్టి, ఏ ముక్కతో సమానంగా వెలిసిందో చూసి 1 నుంచి 8 దాకా అంకె వేస్తారు. ఇంట్లో ఇంత అక్కర్లేదు. ప్రతి కుండలోంచి ఒక మూర దారం తెంపి అట్టముక్కకు చుట్టండి. సగం నల్ల కాగితంతో కప్పి, దక్షిణం వైపు కిటికీలో మూడు వారాలు ఉంచండి. కాగితం తీసినప్పుడు గీత గీసినట్టు తేడా కనిపిస్తే ఆ రంగును గోడకు తగిలించే వాటికి వాడకూడదు. అట్ట వెనక పువ్వు, ఏరిన నెల, నీళ్లు, పటిక గ్రాములు, వేడి రాసుకోవాలి. రాసుకోకపోతే అదే పసుపు మళ్లీ రాదు. ఒకే చెట్టు పూలు కూడా ఒక ఏడాది ఇచ్చినట్టు మరో ఏడాది ఇవ్వవు. ఒక వస్త్రానికి కావలసిన దారమంతా ఒకే కుండలో అద్దాలి.

ఉతకడానికి డిటర్జెంటు పొడి వద్దు. అందులోని క్షారం మోదుగ పసుపును ఒక్క ఉతుకులో నారింజ మచ్చలుగా తిప్పుతుంది, జిడ్డు పోయి ఉన్ని బిరుసెక్కుతుంది. పొరపాటున అలా మారితే లీటరు నీళ్లకు చెంచాడు వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు ముంచితే చాలావరకు వెనక్కి వస్తుంది. మామూలుగా ఉతకడానికి గోరువెచ్చని కుంకుడు రసమే సరైనది, చివరి జాడింపు నీళ్లలోనూ చెంచాడు వెనిగర్ వేయొచ్చు.

మిగిలిన పటిక నీళ్లను వెంటనే పారబోయనక్కర్లేదు. సగం మోతాదు పటిక కలిపి ఇంకో చిలపకు వాడుకోవచ్చు. మూడోసారికి నీళ్లలో జిడ్డు, దుమ్ము పేరుకుంటాయి, అప్పుడు పారబోయాలి. రేకుల పిప్పి చెట్ల మొదట్లో వేస్తే ఎరువవుతుంది. అన్నభేది నీళ్లను మాత్రం గచ్చు మీద పోయకండి, ఆ తుప్పు మరక ఏ సబ్బుకూ పోదు.